రేస్ ఇచ్చినా కదలని కారు: పి2135 కోడ్ వస్తే త్రాటిల్ బాడీ మార్చేయాల్సిందేనా?

ప్రశ్న: మాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 82 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల కింద వాటర్ సర్వీసింగ్ చేయించాను. ఆ వారంలోనే సూర్యాపేట దాటాక హైవే మీద ఉన్నట్టుండి రేస్ తీసుకోవడం మానేసింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. పెడల్ ఎంత తొక్కినా స్పీడు 30 దాటలేదు. పక్కకు ఆపి, ఆఫ్ చేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడిచింది. మా దగ్గరి మెకానిక్ స్కానర్ పెడితే పి2135 అనే లోపం కోడ్ వచ్చింది. ఇంజిన్‌లోకి గాలి వదిలే త్రాటిల్ బాడీ విప్పి క్లీన్ చేశాడు. మూడు వారాలు బాగానే ఉంది, మళ్ళీ మొదలైంది. ఎక్కువగా గతుకుల రోడ్డు మీద, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వస్తోంది. ఇంకో షెడ్డులో చూపిస్తే త్రాటిల్ బాడీ మొత్తం మార్చాలి, 16 వేలు అవుతుంది, దానికీ పోకపోతే ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) మార్చాలి అన్నారు. నెలకోసారి అమ్మను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అందుకే టెన్షన్. ఫోన్‌కి కలిపే చిన్న స్కానర్ ఒకటి కొన్నాను. దాంతో కోడ్ తీసేస్తే సరిపోతుందా? అసలేం చేయమంటారు?
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: త్రాటిల్ బాడీకి ఇప్పుడే డబ్బు కట్టకండి. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. వాటర్ సర్వీసింగ్ తర్వాత మొదలైంది. గతుకుల్లో ఎక్కువగా వస్తోంది. త్రాటిల్ బాడీ విప్పి బిగించాక మూడు వారాలు ఆగింది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు త్రాటిల్ బాడీ కంటే దానికి తగిలించే కప్లర్ (వైర్ల ప్లగ్గు) మీద, ఆ కప్లర్‌లోకి వచ్చే వైర్ల మీద అనుమానం ఎక్కువ. ఇది అనుమానమే, చూడకుండా తీర్పు చెప్పలేను. అది నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక మల్టీమీటరు, ఓపిగ్గా పని చేసే ఆటో ఎలక్ట్రీషియన్, ఒక పూట టైము చాలు. 16 వేల పార్టు కొనే ముందు ఆ ఒక్క పూట పెట్టండి.

అంతకన్నా ముందు ఒక మాట. ఇది తేలేదాకా అమ్మగారిని ఈ కారులో హైవే ఎక్కించకండి. లారీని ఓవర్‌టేక్ చేస్తూ సగంలో ఉండగా పికప్ పోతే ముందుకీ వెళ్ళలేరు, వెనక్కీ తగ్గలేరు. వెనక వచ్చేవాడికి మీ బండి ఎందుకు నెమ్మదించిందో అర్థం కాదు, ఎందుకంటే మీ బ్రేక్ లైటు వెలగదు. ఈ నెలకు బస్సో, తెలిసినవాళ్ళ కారో చూసుకోండి. ఊళ్ళో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళి రావడానికైతే నెమ్మదిగా నడపొచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. పాత కార్లలో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజిన్ దాకా ఒక ఇనుప కేబుల్ ఉండేది. తొక్కితే కేబుల్ లాగేది, త్రాటిల్‌లోని గుండ్రటి బిళ్ళ తెరుచుకునేది, ఇంజిన్‌లోకి గాలి వెళ్ళేది. మీ కారులో ఆ కేబుల్ లేదు. మీ కాలు తొక్కేది ఒక సెన్సర్‌ని మాత్రమే. ‘ఇంత తొక్కాడు’ అని అది ఈసీఎంకి చెబుతుంది. ఈసీఎం లెక్క వేసుకుని త్రాటిల్ బాడీలో ఉన్న చిన్న మోటారును తిప్పుతుంది. ఆ మోటారు పళ్ళ చక్రాల ద్వారా బిళ్ళను తెరుస్తుంది. బిళ్ళ నిజంగా ఎంత తెరుచుకుందో చెప్పడానికి అక్కడ మళ్ళీ సెన్సర్లు ఉంటాయి.

ప్రాణం మీదికి వచ్చే పని కాబట్టి ఎక్కడా ఒక్క సెన్సర్‌తో సరిపెట్టలేదు. పెడల్ దగ్గర రెండు, త్రాటిల్ దగ్గర రెండు. కోడ్‌ల భాషలో త్రాటిల్ దగ్గరి జంటను ఏ, బి అంటారు. పెడల్ దగ్గరి జంటను చాలా కార్లలో డి, ఇ అంటారు. మీకు వచ్చిన పి2135 అంటే ఏ, బి ల వోల్టేజీలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని. దాని పక్కనే పి2138 అని ఇంకోటుంది, అది డి, ఇ ల మధ్య తేడా. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ వెతకాల్సిన చోటు పూర్తిగా వేరు. ఒకటి బానెట్ కింద, ఇంకోటి మీ కాళ్ళ దగ్గర. మీ మెకానిక్ కోడ్ కాగితం మీద రాసిచ్చాడా, నోటితో చెప్పాడా అన్నది మీ ఉత్తరంలో లేదు. ఒకసారి మీ చిన్న స్కానర్‌తో మీరే చదివి 2135 అనే అంకె సరిగ్గా చూసుకోండి.

ఒకే ఇంట్లో రెండు గడియారాలు రెండు టైములు చూపిస్తుంటే ఏది తప్పో వాటిని చూసి చెప్పలేం కదా, ఈసీఎం పరిస్థితీ అంతే. ‘ఏ’ ఒకటి చెబుతోంది, ‘బి’ ఇంకోటి చెబుతోంది. ఎవరిని నమ్మాలో తెలియనప్పుడు అది ఇద్దరినీ నమ్మడం మానేస్తుంది. మోటారుకు కరెంటు ఆపేస్తుంది. అప్పుడు లోపలి స్ప్రింగు ఆ బిళ్ళను కొంచెం తెరిచి ఉంచే చోట నిలబెడుతుంది. ఇంజిన్ ఆగిపోకుండా, బండి పక్కకు తీసుకోవడానికి సరిపడా గాలి మాత్రం అందుతుంది. మీ కారు 30 దాటకపోవడానికి కారణం ఇదే. దీన్నే మెకానిక్‌లు లింప్ మోడ్ అంటారు. ఇదంతా సెకను లోపే జరిగిపోతుంది, అందుకే మీకు ఉన్నట్టుండి జరిగినట్టు అనిపించింది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఈసీఎం మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటుంది. ఆ క్షణంలో ఏ, బి లు సరిపోతే బండి మామూలుగా నడుస్తుంది. స్టార్ట్ చేస్తే సరైపోయిందంటే లోపం పోయిందని కాదు, ఆ నిమిషానికి కనబడటం లేదని. వస్తూ పోతూ ఉండే లోపం కాబట్టే వదులు కప్లర్ మీద నా అనుమానం ఇంకా పెరుగుతోంది. పూర్తిగా పాడైన సెన్సర్ అయితే ఇంతసేపు మంచిగా ఉండటం అరుదు.

ఈసీఎం ఇంత చిన్న తేడాకే అంత పెద్ద నిర్ణయం తీసుకోవాలా అని మీకు అనిపించొచ్చు. తీసుకోవాలనే నేనంటాను. 2009, 2010 ప్రాంతంలో అమెరికాలో టొయోటా కార్లు వాటంతట అవే స్పీడు అందుకుంటున్నాయని పెద్ద గొడవ జరిగింది. అక్కడి రోడ్డు భద్రతా సంస్థ కోరితే నాసా ఇంజినీర్లు ఈ త్రాటిల్ వ్యవస్థ మొత్తాన్ని పరీక్షించారు. 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. త్రాటిల్ పెద్దగా తెరుచుకుని ప్రమాదాలు జరగడానికి ఎలక్ట్రానిక్ లోపమే కారణమని చెప్పే ఆధారం వాళ్ళకు దొరకలేదు. కానీ ఆ పరీక్షల్లోనే ఒక పాడైన పెడల్ సెన్సర్‌లో తగరం పూత మీద మొలిచిన సన్నటి లోహపు పోగు రెండు పాయింట్లను కలిపేయడం చూశారు. కంటికి సరిగ్గా ఆనని పోగు అది. ఒక్క సెన్సర్ మాటే నమ్ముకుంటే అలాంటప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి. రెండిటికీ తేడా రాగానే బండిని నెమ్మదింపజేసే ఏర్పాటు మిమ్మల్ని విసిగించి ఉండొచ్చు, కానీ సూర్యాపేట దగ్గర అది చేయాల్సిన పనే చేసింది.

ఇప్పుడు క్లీనింగ్ సంగతి. త్రాటిల్ బాడీలో నల్లటి మసి పేరుకుంటే వచ్చే ఇబ్బందులు వేరు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ ఆగిపోతుంది, లేదా ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతుంది. ఏసీ వేయగానే వణుకుతుంది. ఆ కేసుల్లో సాధారణంగా వచ్చేవి పి0506, పి0507, పి2119 లాంటి కోడ్‌లు. వాటికి క్లీనింగ్ మందే. కానీ మసి వల్ల రెండు సెన్సర్ల వోల్టేజీల మధ్య తేడా రాదు. బిళ్ళ ఇరుక్కున్నా సరే, ఇరుక్కున్న చోటునే రెండు సెన్సర్లూ ఒకేలా చూపిస్తాయి. మరి మూడు వారాలు ఎందుకు బాగుంది? మీ మెకానిక్ త్రాటిల్ బాడీ విప్పాలంటే ముందు కప్లర్ పీకాలి, పని అయ్యాక మళ్ళీ గట్టిగా నొక్కి తగిలించాలి. అలా పీకి తగిలించినప్పుడు లోపలి పిన్నుల మీద చిలుము కొంచెం గీరుకుపోతుంది, కాంటాక్టు మళ్ళీ కుదురుతుంది. కొన్నాళ్ళకు మళ్ళీ మొదటికి వస్తుంది. మందు పని చేసిందని మీరు క్లీనింగ్‌కి పేరు ఇచ్చారు గానీ, నా లెక్కలో పని చేసింది కప్లర్ పీకి పెట్టడం.

ఇది మీరే చూసుకోవచ్చు, పెద్ద విద్య ఏం కాదు. ఇంజిన్ చల్లబడ్డాక, తాళం చెవి తీసేసి బానెట్ ఎత్తండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి లావు నల్ల రబ్బరు గొట్టం వెళ్ళి ఒక లోహపు భాగానికి తగులుకుంటుంది, అదే త్రాటిల్ బాడీ. దాని పక్కన ప్లాస్టిక్ మూత ఉన్న చోట ఆరు పిన్నుల కప్లర్ ఉంటుంది. ఆరు వైర్లలో రెండు మోటారువి, ఒకటి 5 వోల్టులు ఇచ్చేది, ఒకటి ఎర్త్, మిగతా రెండు ఏ, బి ల సిగ్నళ్ళు. కప్లర్ లాక్ నొక్కి పీకండి, వైర్లు పట్టుకుని లాగొద్దు. పీకాక వెలుతురులో పెట్టి లోపలికి చూడండి. ఆరు పిన్నులూ ఒకే రంగులో మెరుస్తున్నాయా? ఏదైనా ఒకటి పచ్చగా, తెల్లగా పొడి పట్టి ఉందా? ఆ పొడే చిలుము, లోపలికి నీళ్ళు వెళ్ళిన గుర్తు. కప్లర్ చుట్టూ లోపలి వైపు ఒక సన్నటి రబ్బరు రింగు ఉండాలి. అది నలిగిపోయినా, చోటు తప్పినా, అసలు లేకపోయినా ప్రెషర్ పంపుతో బానెట్ లోపల కొట్టిన నీళ్ళు నేరుగా లోపలికే పోతాయి. ఆడ పిన్నుల్లో ఏదైనా మిగతావాటికంటే వెడల్పుగా తెరుచుకుని ఉంటే అది కూడా తప్పే. పట్టు వదులైన పిన్ను గతుకు తగిలినప్పుడల్లా క్షణం పాటు వదిలేస్తుంది. మీకు స్పీడ్ బ్రేకర్ దగ్గరే రావడానికి ఇంతకంటే సులువైన కారణం నాకు తోచడం లేదు.

తర్వాత ఆ కప్లర్ వెనక నుంచి వైర్లు ఎటు వెళ్తున్నాయో చేత్తో తడుముకుంటూ వెళ్ళండి. ఇంజిన్ కదిలినప్పుడల్లా వైరు ఒరుసుకునే చోటు, క్లిప్పు ఊడి వేలాడే చోటు, వేడి గొట్టానికి ఆనిన చోటు చూడండి. నల్ల టేపు చుట్టిన చోట కొరికిన ఆనవాళ్ళు ఉన్నాయేమో కూడా చూడండి. ఇంటి బయట, చెట్టు కింద పెట్టే కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం మన దగ్గర రోజూ చూసే సంగతే. పైపొర మాత్రమే కొరికి వదిలేస్తే బండి నడుస్తూనే ఉంటుంది, తడి తగిలినప్పుడు మాత్రం ఏడిపిస్తుంది. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజిన్‌కి వెళ్ళే ఎర్త్ వైర్ల బోల్టులు కూడా వదులుగా, తుప్పుతో ఉన్నాయేమో కదిపి చూడండి.

చిలుము కనబడితే గట్టి వస్తువుతో గీకొద్దు. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి తగిలించాలి. పిన్ను వదులైతే కొత్త పిన్ను వేయించుకోవాలి, లేదంటే వైర్ల ముక్కతో సహా కొత్త కప్లర్ దొరుకుతుంది, దాన్ని సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగించుకోవాలి. వైర్లు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టడం ఈ సిగ్నల్ వైర్లకు పనికిరాదు. బల్బుకు నడుస్తుందేమో గానీ, ఇక్కడ వోల్టులో పదోవంతు తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

చూపుకి ఏమీ దొరక్కపోతే మీటరు పెట్టాలి. ఇది ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, మీరు పక్కన నిలబడండి. ముందు బ్యాటరీ. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.4 నుంచి 12.6 దాకా ఉండాలి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. వీక్ బ్యాటరీ ఉన్న కార్లు ఇలాంటి చిత్రమైన కోడ్‌లు చూపిస్తుంటాయి, ఇది దాటేసి ముందుకు పోతే తర్వాత చేసిన కొలతలన్నీ అనుమానంగానే ఉంటాయి. తర్వాత కప్లర్ తగిలించే ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి కొలవాలి. వైరుకు మధ్యలో సూది గుచ్చనివ్వొద్దు. ఆ రంధ్రంలోంచి వచ్చే వానాకాలం నీళ్ళే ఇంకో లోపం తెచ్చిపెడతాయి. 5 వోల్టుల వైరులో 5కి చాలా దగ్గరగా ఉండాలి. సెన్సర్ ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య దాదాపు సున్నా ఉండాలి. అక్కడ పదోవంతు వోల్టు కంటే ఎక్కువ కనబడితే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డు ఉంది.

ఆ రెండూ బాగుంటే ఏ, బి సిగ్నళ్ళు. చాలా కార్లలో ఇవి ఒకదానికొకటి ఎదురుగా నడుస్తాయి. బిళ్ళ తెరుచుకునే కొద్దీ ఒకటి పెరుగుతుంది, ఇంకోటి అంతే తగ్గుతుంది, ఎక్కడ కొలిచినా రెండిటి మొత్తం 5 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. ఏ 0.8 చూపిస్తే బి 4.2 చూపించాలన్నమాట. కొన్ని కంపెనీల కార్లలో మాత్రం రెండూ పైకే వెళ్తాయి, వేరు వేరు వేగంతో. మీ మోడల్ ఏ పద్ధతిదో వైరింగ్ డయాగ్రం చూసి తెలుసుకోవాలి, ఎలక్ట్రీషియన్ దగ్గర అది లేకపోతే అడిగి తెప్పించుకోమనండి. అసలు పరీక్ష ఇప్పుడే. ఒకరు మీటరు చూస్తుండగా ఇంకొకరు కప్లర్‌ని, వైర్లని మెల్లగా కదపాలి, మీరు లోపల కూర్చుని పెడల్ చాలా నెమ్మదిగా తొక్కి వదలాలి. అంకె జారినట్టు సాఫీగా మారాలి. వైరు కదిపినప్పుడు ఎగిరిపడితే లోపం వైరులో, కప్లర్‌లో. వైరు ముట్టుకోకుండా, పెడల్ ఒక చోటికి వచ్చినప్పుడల్లా ఎగిరిపడితే లోపం త్రాటిల్ బాడీ లోపలి సెన్సర్‌లో. మీటరు అంకె మారడంలో కొంచెం ఆలస్యం ఉంటుంది కాబట్టి, క్షణం పాటు వచ్చే ఎగుడుదిగుళ్ళు పట్టాలంటే ఆసిల్లోస్కోప్ ఉన్న ఎలక్ట్రీషియన్ దొరికితే ఇంకా మంచిది. ఇవన్నీ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. గాలి గొట్టం విప్పి ఉండి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే త్రాటిల్ బిళ్ళలో వేలు పెట్టకండి. ఆ మోటారు బిళ్ళను ఎప్పుడు మూసేస్తుందో చెప్పలేం, వేలు నలిగిపోతుంది. బిళ్ళను చేత్తో బలంగా నెట్టడం కూడా వద్దు, లోపలి ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు దెబ్బతింటాయి.

మీరు కొన్న చిన్న స్కానర్ గురించి అడిగారు. దాంతో కోడ్ తీసేస్తే లైటు ఆరుతుంది, లోపం అక్కడే ఉంటుంది. అంతకంటే నష్టం ఇంకోటుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత ఆర్‌పీఎం మీద ఉంది, ఎంత స్పీడు, ఎంత వేడి అన్నది ఈసీఎం ఒక చోట దాచిపెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ తీసేస్తే అదీ పోతుంది. అందుకని ముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌ని స్క్రీన్ షాట్ తీసి పెట్టుకోండి. పి2135 ఒక్కటే ఉందా, దాని పక్కన పి0122, పి0123, పి0222, పి0223 ల్లో ఏదైనా ఉందా అని కూడా చూడండి. ఇది చాలా ముఖ్యం. పి0122 ఉంటే ‘ఏ’ సెన్సర్ సిగ్నల్ బాగా కిందికి పడిపోయిందని, పి0123 ఉంటే పైకి ఎగిరిందని. పి0222, పి0223 లు ‘బి’ కి అవే మాటలు. అంటే గడబిడ చేస్తున్నది ఏ వైరో దారి దొరికినట్టే. పి0642, పి0643 లాంటివి కనబడితే 5 వోల్టుల సప్లైలోనే తేడా ఉందని అర్థం, అప్పుడు వెతకాల్సింది ఇంకో వైపు.

కోడ్ తీయడానికి కాకుండా ఆ స్కానర్‌ని లైవ్ డేటా చూడటానికి వాడండి, మీరు పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. యాప్‌లో త్రాటిల్ పొజిషన్, అబ్సల్యూట్ త్రాటిల్ పొజిషన్ బి, యాక్సిలరేటర్ పెడల్ పొజిషన్ డి, ఇ అనే నాలుగు లైన్లు ఎంచుకుని గ్రాఫ్ పెట్టండి. మీ కారు అన్నిటినీ చూపించకపోతే ఉన్నవి చాలు. ఇంటి దగ్గర బండి ఆపి ఉంచి, పెడల్ నెమ్మదిగా తొక్కుతూ రికార్డ్ చేయండి. నడుపుతూ మాత్రం ఫోన్ చూడొద్దు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని గతుకులున్న వీధిలో తిప్పి వాళ్ళనే చూడమనండి. మిగతా మూడు గీతలు సాఫీగా ఉండి ఒక్కటి మాత్రం ఎగిరిపడితే మీ జవాబు దాదాపు చేతికి వచ్చినట్టే.

ఇన్ని చూశాక వైర్లు, కప్లర్, ఎర్త్, 5 వోల్టులు అన్నీ బాగున్నాయని తేలి, సిగ్నల్ మాత్రం త్రాటిల్ బాడీ దగ్గరే తప్పుతుంటే అప్పుడు మార్చండి, నేను అడ్డు చెప్పను. 82 వేల కిలోమీటర్లకి సెన్సర్ అరిగిపోవడం జరగని పనేం కాదు. రాసుకుంటూ తిరిగే రకం సెన్సర్లు బిళ్ళ ఎక్కువసేపు ఉండే చోటు, అంటే ఐడ్లింగ్ దగ్గర, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఉండే చోట ముందు అరుగుతాయి. చాలా మోడళ్ళలో సెన్సర్ విడిగా దొరకదు, బాడీ మొత్తం కొనాలి. కొంటే కంపెనీ పార్టు గానీ, ఆ కంపెనీకి సప్లై చేసే బాష్, డెన్సో లాంటి వాళ్ళది గానీ తీసుకోండి. పార్టు నంబరు సరిపోవాలి. తుక్కు బండి నుంచి తీసిన పాతది వద్దు, అదీ అంతే అరిగి ఉంటుంది. కొత్తది బిగించాక స్కానర్‌తో త్రాటిల్ అడాప్టేషన్ చేయించాలి. బిళ్ళ పూర్తిగా మూసుకుంటే ఎంత, తెరుచుకుంటే ఎంత అని ఈసీఎం కొత్తగా నేర్చుకోవాలి. ఇది చేయకపోతే ఐడ్లింగ్ కుదరక కొత్త పార్టే చెడ్డదనుకుంటారు. బ్యాటరీ వైరు పీకి పెట్టినా కొన్ని కార్లు ఆ నేర్చుకున్నది మర్చిపోతాయి, కాబట్టి కోడ్ పోవాలని బ్యాటరీ పీకే అలవాటు కూడా మంచిది కాదు.

‘దానికీ పోకపోతే ఈసీఎం’ అన్న మాట దగ్గర నాకు నిజంగా బాధ కలిగింది. ఈసీఎం చెడిపోవచ్చు, కానీ అది అన్నీ కొలిచాక చివర మిగిలే అనుమానం. ఒక పార్టు వేసి చూసి, పోకపోతే ఇంకోటి వేసి చూడటం మీ డబ్బుతో చేసే ప్రయోగం. ఆ మాట అన్నవాళ్ళను ‘5 వోల్టులు కొలిచారా? ఎర్త్ చూశారా? ఏ, బి సిగ్నళ్ళు ఎంత వచ్చాయి?’ అని మర్యాదగానే అడగండి. కొలిచినవాళ్ళు వెంటనే అంకెలు చెబుతారు. అంకెలు లేకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

ఈలోపు దారిలో మళ్ళీ జరిగితే కంగారు పడకండి. పెడల్ పదేపదే తొక్కకండి. హజార్డ్ లైట్లు వేసి, అద్దంలో వెనక చూసుకుని, మెల్లగా ఎడమ పక్కకు తీసుకోండి. ఇంజిన్ నడుస్తున్నంత సేపూ స్టీరింగు, బ్రేకు మామూలుగానే పని చేస్తాయి. పూర్తిగా ఆగాకే ఆఫ్ చేయండి, కదులుతుండగా తాళం తిప్పొద్దు. ఒక నిమిషం ఆగి స్టార్ట్ చేసి, బండి మామూలుగా అయినా సరే ఓవర్‌టేక్‌లు లేకుండా నెమ్మదిగా ఇంటికి చేరండి. వాటర్ సర్వీసింగ్ కూడా ఇప్పట్లో బానెట్ లోపల చేయించొద్దు, తడి గుడ్డతో తుడిస్తే చాలు.

మళ్ళీ రాసేటప్పుడు కప్లర్ లోపలి ఫోటో, ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్ షాట్, 5 వోల్టుల వైరులో ఎంత వచ్చింది, ఎర్త్‌లో ఎంత వచ్చింది, పెడల్ తొక్కకుండా ఏ, బి లు ఎంతెంత ఉన్నాయి అన్నవి పంపండి. అవి చూసి వైరు దగ్గర ఆగాలో, త్రాటిల్ బాడీ దాకా వెళ్ళాలో చెబుతాను.